సంక్రాంతికి పుట్టింటికి వచ్చే గర్భిణులు: బరువు ఎక్కువుంటే ఈ జాగ్రత్తలు

బరువు ఎక్కువున్న గర్భిణులకు బీపీ, షుగరు ముప్పు ఎక్కువ. తలనొప్పి తగ్గకపోయినా, చూపు మసకబారినా, ముఖం ఉబ్బినా ‘పండగ వెళ్లాక చూద్దాం’ అనుకోవద్దు. బీపీ 140/90కి చేరితే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. ముదిరి మూర్ఛ వస్తే తల్లికీ బిడ్డకీ ప్రాణాపాయం. చేయి లావైతే బీపీ చూసేటప్పుడు చుట్టే పట్టీ పెద్దది అడగండి; చిన్నది బీపీని ఎక్కువ చేసి చూపిస్తుంది.

75 గ్రాముల గ్లూకోజు తాగి, రెండు గంటలకు షుగరు పరీక్ష చేయించుకోండి. షుగరు అదుపు తప్పితే బిడ్డ మరీ పెరిగి, కాన్పులో భుజం ఇరుక్కోవచ్చు. అమ్మ ఎంత బతిమాలినా అరిసె ఒకటి చాలు.

అలాగని పస్తులూ వద్దు.

పుట్టిల్లు ఇచ్ఛాపురమైనా, సీతంపేటైనా సిజేరియన్, మత్తు డాక్టరు ఉన్న ఆసుపత్రి ముందే చూసుకోండి.

బాలింతను మంచం దిగనివ్వకపోవడం మన ఇళ్లలో ప్రేమే. కానీ కదలకపోతే కాలి రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టవచ్చు. ఒక పిక్క వాచి నొప్పెడితే వెంటనే చూపించండి.