పెద్ద జాతి కుక్కకు ఒంట్లో బాగోకపోతే: లక్షణం, కారణం, పరిష్కారం

కక్కబోతోంది, ఏమీ రావట్లేదు, పొట్ట ఉబ్బింది

దీన్నే ముందు రాస్తున్నాను, మిగతావాటిలో చాలావాటికి కాస్తయినా టైముంటుంది, దీనికి ఉండదు. అన్నం తిన్న కాసేపటికి కుక్క ఒకచోట పడుకోలేక తిరుగుతుంది, ఓకరిస్తుంది, నురగ తప్ప ఏమీ రాదు, డొక్క బిగుసుకుని తడితే డప్పులా మోగుతుంది. ఇంట్లోవాళ్లు గ్యాస్ అని వాము నీళ్లు పట్టేస్తారు. నిజమే, గ్యాసే, కాకపోతే జీర్ణాశయం మెలితిరిగి అది పోయే దారి మూసుకుపోయింది, రక్తం కూడా ఆడటం లేదు. గ్రేట్ డేన్, జర్మన్ షెపర్డ్ లాంటి లోతు ఛాతీ జాతుల్లో ఎక్కువ. నోట్లో ఏమీ పోయకుండా వెంటనే కారెక్కించండి, డాక్టర్ గ్యాస్ తీసినా మెలిక విప్పడానికి ఆపరేషన్ కావాల్సిందే, ఆలస్యమైతే గంటల్లో ప్రాణం పోతుంది. రాత్రిపూట ఆపరేషన్ చేసే క్లినిక్ రాజమండ్రిలోనో కాకినాడలోనో ఎక్కడుందో ఈరోజే కనుక్కుని నంబరు ఫోన్‌లో పెట్టుకోండి. ఇకమీదట రోజుకు ఒకేసారి గిన్నెడు పెట్టడం మానేసి రెండు మూడు పూటలుగా పెట్టండి, తినగానే పరిగెత్తించొద్దు.

తిండి మానేసింది, జ్వరం, చిగుళ్లు తెల్లబోయాయి

మామూలుగానే కుక్క ఒళ్లు 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్ దాకా ఉంటుంది కాబట్టి చేత్తో తాకి జ్వరమని తేల్చకండి, థర్మామీటర్ మలద్వారంలో పెట్టి చూడాలి. 103 దాటి, చెవుల వెనకో వేళ్ల సందుల్లోనో గోమార్లు కనిపిస్తే టిక్ ఫీవర్‌ని, అంటే గోమార్లు కుట్టి వచ్చే జ్వరాన్ని, అనుమానించాలి. ముక్కు నుంచి రక్తం కారుతుంటే ప్లేట్‌లెట్లు పడిపోయి ఉండొచ్చు. రక్తపరీక్ష చేయించండి, ఈ జ్వరం తెచ్చే ఎర్లీకియా అనే క్రిమి అని తేలితే సాధారణంగా డాక్సీసైక్లిన్ రాస్తారు, దాదాపు నాలుగు వారాలు వాడాలి. అయిదో రోజుకి కుక్క లేచి తోకాడించగానే మందు ఆపేసేవాళ్లే మన దగ్గర ఎక్కువ, జబ్బు తిరగబెట్టేది అక్కడే. గేదెలకు కొట్టే గోమార్ల మందు కొలత లేకుండా కుక్కకి పూయకండి, అది నాకి విషం ఎక్కుతుంది.

చిగుళ్లు తెలుపు కాకుండా పసుపు తిరిగితే సంగతి వేరు. పొలం గట్ల మీద, వరద నిలిచిన చోట ఎలుకల మూత్రం కలిసిన నీళ్లతో వచ్చే లెప్టోస్పైరోసిస్ (లెప్టో) కావచ్చు, అది మనుషులకూ అంటుతుంది. మూత్రాన్ని చేత్తో తాకకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. ఏటా వేయించే టీకాలో లెప్టో ఉందో లేదో అడగండి.

విపరీతంగా వగరుస్తూ తూలిపోతోంది

మే నెల వడదెబ్బ. మన డెల్టాలో ఎండ కంటే ఉక్కే ప్రమాదం, గాలిలో తేమ ఎక్కువైతే వగర్చినా ఒళ్లు చల్లబడదు. నీడలోకి తెచ్చి ఒళ్లంతా మామూలు చల్లనీళ్లు పోస్తూ ఫ్యాన్ పెట్టండి, తడి దుప్పటి మాత్రం కప్పి వదిలేయొద్దు, వేడి లోపలే ఉండిపోతుంది. తేరుకున్నట్టు కనిపించినా డాక్టర్‌కి చూపించాలి. సెయింట్ బెర్నార్డ్ లాంటి బొచ్చు కుక్కని ఏసీ లేకుండా ఇక్కడ పెంచడం నా దృష్టిలో దానికి శిక్షే.

లేవడానికి కష్టపడుతోంది, కుందేల్లా గెంతుతోంది

తుంటి కీలు సరిగ్గా అమరకపోవడం, అంటే హిప్ డిస్‌ప్లేసియా. వంశంలోనే వస్తుంది, బరువు పెరిగినా, నున్నటి గ్రానైట్ నేల మీద జారుతున్నా ముదురుతుంది. ఎక్స్‌రే తీయించండి, దగ్గర్లో లేకపోతే గన్నవరం వెటర్నరీ కాలేజీ ఉంది. బరువు తగ్గించండి, తిరిగే చోట గోనెపట్టాలు పరవండి. ఎదిగే పిల్లకి ఎముకలు గట్టిపడతాయని కాల్షియం సిరప్ అదనంగా పోస్తే మేలు కాదు, కీడు. నొప్పికి మనం వేసుకునే ఐబూప్రొఫెన్, పారాసిటమాల్ అస్సలు వద్దు.

చెవి కంపు, తల విదిలింపు

కాలవలో ఈతకొట్టిన లాబ్రడార్‌కి వేలాడే చెవుల్లో తడి ఆరక ఫంగస్ పడుతుంది. ఈత అయ్యాక చెవి బయట పొడిగుడ్డతో తుడిచి, లోపల డాక్టర్ ఇచ్చిన చుక్కలే వేయండి, కొబ్బరినూనె కాదు.