సాన్ సెబాస్టియన్‌లో ఆగితే గురువారం ఆగండి

స్పెయిన్‌లోని ఈ బాస్క్ ప్రాంతపు ఊళ్లో పాత బస్తీ బార్లలో దొరికే పించోలు, అంటే డ్రింక్‌తో పాటు తినే చిరుతిళ్లు, చూడటానికి గుప్పెడంతే. ఇద్దరు కలిసి నాలుగు బార్లు తిరిగేసరికి బిల్లు మాత్రం పెద్ద హోటల్ భోజనం అంత అవుతుంది, కడుపు నిండదు.

రోడ్ ట్రిప్‌లో వెళ్తుంటే ఆ ఊరు గురువారం తగిలేలా చూసుకోండి. సాయంత్రం ఏడు దాటాక ఉరుమేయా నది అవతలి గ్రోస్ పేటలో చాలా బార్లు 'పించో-పోటే' పెడతాయి. ఒక చిన్న డ్రింక్, ఒక పించో కలిపి ఒకే రేటు. మామూలు రోజున ఒక్క పించోకి పెట్టే డబ్బుతోనే దాదాపు పని అయిపోతుంది. బార్‌కి ఒక్క రౌండే తీసుకుని, నిలబడే తిని, పక్కదానికి వెళ్లిపోవాలి. అక్కడి జనం చేసేదీ అదే. డ్రింక్ అంటే 'సురిటో' అడగండి, చిన్న గ్లాసు బీరు. కారు నడిపేవాళ్లకు 'మోస్తో', అంటే ద్రాక్షరసం. గిల్డా కనిపిస్తే వదలకండి: పుల్లకి గుచ్చిన ఆలివ్, పచ్చిమిర్చి ఊరగాయ, ఉప్పు చేప. మన నాలుకకి ఇట్టే నచ్చుతుంది.

ఒక్క జాగ్రత్త. కౌంటర్ మీద కనిపించేవన్నీ ఆ రేటుకి రావు, బార్ వాళ్లు ఎంచి పెట్టినవే వస్తాయి. ప్లేటు ముట్టుకోకముందే "పించో-పోటే?" అని అడగండి. శాకాహారులకి ఈ ఉపాయం పెద్దగా కలిసిరాదు, ఎక్కువ వాటిలో చేపో పంది మాంసమో ఉంటుంది.