భుజం పట్టేస్తే: ఒక జాకెట్ల టైలరు చెప్పే దారి

తెనాలిలో 26 ఏళ్ళుగా జాకెట్లు కుడుతున్నాను. "చంక పట్టేస్తోందండీ" అంటూ కుట్టిన జాకెట్టు తిరిగి తెచ్చేవాళ్ళు నాకు కొత్త కాదు. చంక చుట్టు కాస్త తగ్గినా చెయ్యి పైకి లేవదు. భుజం పట్టేయడం, అదే డాక్టర్లు ఫ్రోజెన్ షోల్డర్ అనేది కూడా అంతే, కాకపోతే బిగిసేది లోపలి జాకెట్టు. భుజం కీలు చుట్టూ సంచిలాంటి పొర ఉంటుంది. చంక వైపు అది వదులుగా మడతపడి ఉంటుంది, చెయ్యెత్తితే ఆ మడత విచ్చుకుంటుంది. పొర వాచి, మందమై, కుంచించుకుపోతే చెయ్యి మధ్యలో ఆగిపోతుంది.

నాకు 51వ ఏట ఎడమ భుజానికి వచ్చింది. నాకు షుగరుంది. షుగరు, థైరాయిడ్ ఉన్నవాళ్ళకీ, 40-60 మధ్య ఆడవాళ్ళకీ ఇది ఎక్కువ.

ముందు ఇది అదేనా అని చూసుకోండి. మోచెయ్యి మడిచి పక్కటెముకలకి ఆనించి, మోచెయ్యి కదలకుండా ముంజేతిని పక్కకి, బయటికి తిప్పండి. రెండు చేతులూ పోల్చండి. తిరగకపోతే ఇంట్లో ఎవరినైనా మెల్లగా తిప్పమనండి. వాళ్ళకీ తిరగకపోతే పట్టేసినట్టే అనుకోవచ్చు. అయినా డాక్టరు చూడాలి, ఎక్స్‌రే తీస్తే కీలు అరుగుదల లాంటివి కావని తేలుతుంది. కిందపడ్డాక మొదలైనా, జ్వరం, వాపు ఉన్నా ఆలస్యం చెయ్యకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఎడమ చేతి నొప్పితో గుండె బరువు, చెమటలు ఉంటే భుజం సంగతి తర్వాత, ముందు 108.

నేను చేసిన తప్పు చెబుతాను. ఎవరో చెబితే పక్క ఊళ్ళో చేతులు లాగి సరిచేసే ఆయన దగ్గరికి వెళ్ళాను. ఒక్క గుంజు గుంజాడు. రెండు రాత్రులు కూర్చునే నిద్రపోయాను. మొదటి నెలల్లో పొర వాచి మండుతూ ఉంటుంది, అప్పుడు లాగడమంటే మాడిన బట్ట మీద మళ్ళీ ఇస్త్రీపెట్టె పెట్టడమే.

ఆ దశలో నొప్పి తగ్గించడమే పని. పక్క మీద చేతికింద దిండు, వేడి కాపడం, డాక్టరు రాసిన మాత్రలు. కీలులోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఈ దశలోనే బాగా పనిచేస్తుంది. దాని ప్రభావం కొన్ని వారాలే, ఆ వారాల్లోనే వ్యాయామం ముందుకు జరుపుకోవాలి. షుగరున్నవాళ్ళు ముందే చెప్పండి. నాకు పరగడుపున 140 ఉండేది, నాలుగు రోజులు 260 దాకా వెళ్ళింది, టెన్షన్ పడిపోయాను.

ఇక చేత్తో చేసే వైద్యం. మా ఫిజియో అమ్మాయి ఒక చేత్తో రెక్క ఎముకని అదిమి పట్టి, రెండో చేత్తో జబ్బ ఎముక గుండుని కిందికీ వెనక్కీ పిసరంత జరుపుతుంది. "ఆంటీ, ఇది లాగడం కాదు, జార్చడం" అంటుంది. మెయిట్‌లాండ్ అనే ఆస్ట్రేలియా ఫిజియో దీన్ని మెట్లుగా విడగొట్టాడట: నొప్పి ఉన్నప్పుడు చిన్న ఊపులు, బిగుసుకున్నాక చెయ్యి ఆగిపోయే చోటే గట్టి ఒత్తిడి. చెయ్యి బయటికి తిరగాలంటే గుండుని వెనక్కి జార్చాలి అన్నది నాకు వింతగా తోచింది, కానీ తిరిగింది.

ఇంట్లో రోజుకి మూడుసార్లు చేశాను. బల్ల మీదికి వంగి చేతిని గడియారం లోలకంలా ఊపడం. వెల్లకిలా పడుకుని, మోచేతి కింద మడత తువ్వాలు పెట్టి, బట్ట కొలిచే మీటరు బద్దని రెండు చేతులతో పట్టుకుని, మంచి చేత్తో పట్టేసిన చేతిని బయటికి నెట్టి 20 సెకన్లు ఆపడం. గోడ మీద వేళ్ళతో పైకి నడవడం, ఆగిన చోట సుద్దముక్కతో గీత. నొప్పి అరగంటలో సర్దుకోకపోతే మర్నాడు సగమే చేయండి.

ఎన్నాళ్ళు? నాకు 14 నెలలు. కొందరికి రెండేళ్ళు దాటుతుంది. నెలలు గడిచినా కదలకపోతే కీలులోకి సెలైన్ ఎక్కించి పొరని ఉబ్బించడం, మత్తిచ్చి చెయ్యి కదపడం, చిన్న రంధ్రాల గుండా చేసే కీహోల్ ఆపరేషన్ ఉన్నాయి. బ్రిటన్‌లో 503 మందిపై చేసి 2020లో ప్రచురించిన పరీక్షలో ఆ చివరి రెండింటినీ, ఇంజెక్షన్‌తో కూడిన ఫిజియోథెరపీనీ పోలిస్తే, ఏడాదికి ఏదీ చెప్పుకోదగ్గంత మెరుగని తేలలేదు. అందుకే నేను ఆపరేషన్‌కి తొందరపడలేదు.

ఈ లోపు వెనక హుక్కుల జాకెట్లు మూటకట్టేయండి. ముందు హుక్కులు, చంక చుట్టు వదులు. తొడిగేటప్పుడు నొప్పి చెయ్యి ముందు, విప్పేటప్పుడు చివర.