చలికాలం రాకముందే రెజిన్ పని ముగించండి: ఇంట్లో ఫైబర్‌గ్లాస్ హాట్ రాడ్ కట్టేవారికి జాగ్రత్తలు

అమెరికాలో మంచు పడే రాష్ట్రాల్లో హాట్ రాడ్ ప్రియులకు చలికాలమే పనికాలం. హాట్ రాడ్ అంటే పాత కారును తమకు నచ్చినట్టు మార్చి, జోరు పెంచి కట్టుకునే బండి. మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లడం మొదలయ్యాక, తుప్పు పడుతుందని ముచ్చటైన బండ్లను ఎవరూ బయటికి తీయరు. వసంతానికల్లా కొత్త బండి నడపాలని గ్యారేజీలో కూర్చుంటారు. 1932 నాటి ఫోర్డ్ ఉక్కు బాడీలు ఇప్పుడు అరుదు, దొరికినా ధర అందదు. అందుకని అదే ఆకారంలో పోసిన ఫైబర్‌గ్లాస్ బాడీ కొని, పైకప్పు ఎత్తు తగ్గించి, బానెట్ కొత్తగా పోసి తమకు నచ్చినట్టు మలచుకుంటారు. చికాగోలోనో న్యూజెర్సీలోనో ఇల్లు కొనుక్కుని ఈ సరదాలో దిగుతున్న మనవాళ్లకు నేను మొదట చెప్పే మాట ఒకటే. రెజిన్‌తో, అంటే గాజు నార పొరలను అతికి గట్టిపడే ద్రవంతో, చేసే పనంతా అక్టోబరులోగా, గ్యారేజీ తలుపు బార్లా తెరిచి పూర్తి చేయండి. ఛాసిస్, బ్రేకులు, వైరింగ్ చలికాలానికి ఉంచుకోండి.

ఎందుకంటే చలిలో తలుపు మూస్తారు. ఇంటికి ఆనుకుని ఉన్న గ్యారేజీలో మూసిన తలుపు వెనుక చేరిన ఆవిరి మీ ఒక్కరితో ఆగదు, లోపలి గదుల్లోకీ వెళుతుంది.

పాలిస్టర్ రెజిన్ డబ్బా మూత తీయగానే ముక్కుకు తగిలే ఘాటు అందులో కలిసి ఉండే స్టైరీన్ అనే ద్రవానిది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2018లో దీన్ని మనుషులకు బహుశా క్యాన్సర్ కలిగించే పదార్థాల వర్గంలో చేర్చింది. కాసేపటికి ముక్కు అలవాటుపడి వాసన తెలియడం మానేస్తుంది, అయినా ఆవిరి అక్కడే ఉంటుంది. గుడ్డ మాస్కు, ఎన్95 మాస్కు ఈ ఆవిరిని ఆపలేవు. సేంద్రియ ఆవిరులకు పనికొచ్చే కార్ట్రిడ్జ్‌లు ఉన్న రబ్బరు మాస్కే కావాలి. గడ్డం ఉంటే అది ముఖానికి అతుక్కోదు, పక్కల నుంచి ఆవిరి లోపలికి వస్తుంది. పని అయిపోగానే కార్ట్రిడ్జ్‌లను గాలి చొరని సంచిలో పెట్టండి, బల్ల మీద వదిలేస్తే ఊరికే ఆవిరి పీల్చుకుని పాడవుతాయి. ఇంట్లో గర్భిణి ఉంటే ఈ పని ఇంటి గ్యారేజీలో పెట్టుకోకండి.

ఇక మంట సంగతి. స్టైరీన్ ఆవిరి గాలి కంటే మూడున్నర రెట్లు బరువు, నేల మీదే పరుచుకుని పాకుతుంది. అమెరికాలో ఎన్నో ఇళ్లలో గ్యాస్ వాటర్ హీటర్ గ్యారేజీలోనే ఉంటుంది, పాత రకాలైతే అడుగున పైలట్ మంట ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. చలికి స్టైరీన్ ఆవిరి కొంత తగ్గవచ్చు కానీ, బ్రష్షులు కడిగే అసిటోన్ సున్నాకు 20 డిగ్రీల సెల్సియస్ దిగువన కూడా అంటుకునే ఆవిరిని వదులుతుంది. డబ్బా తెరిచే ముందే ఆ మంట ఆర్పి, గ్యాస్ వాల్వు కట్టేయండి. ప్రొపేన్ హీటరు పెట్టుకుని రెజిన్ కలపడం లాంటి ప్రమాదం మరొకటి లేదు. చలిలో చిన్న మరమ్మతు తప్పనిసరైతే, విద్యుత్ హీటరుతో గ్యారేజీని ముందే వెచ్చబరిచి, ప్లగ్గు పీకి, తలుపు ఎత్తి, ఆ తరవాతే రెజిన్ ముట్టుకోండి.

15 డిగ్రీల కంటే చల్లగా ఉంటే రెజిన్ సరిగా గట్టిపడదు. గట్టిపడటం లేదని క్యాటలిస్టు (రెజిన్‌ను గట్టిపరిచే ద్రవం) అదనంగా పోయడం చాలామంది చేసే పని. ఎంఈకేపీ అనే ఈ క్యాటలిస్టు మామూలుగా రెజిన్‌లో 1 నుంచి 2 శాతమే, డబ్బా మీద రాసిన మేరకే. కప్పులో మందంగా మిగిలిన రెజిన్ తనకు తానే వేడెక్కి పొగలు కక్కుతుంది. దాన్ని చెత్తబుట్టలో వేయకండి. వెడల్పాటి రేకు పళ్లెంలో పలుచగా పోసి, ఆరుబయట కాంక్రీటు మీద పెట్టి చల్లారనివ్వండి. వాడిన గుడ్డలకూ అదే చోటు, నీళ్లు నింపిన లోహపు డబ్బాలో.

ఎంఈకేపీ చుక్క కంట్లో పడితే చూపే పోవచ్చు. కళ్లజోడు కాదు, చుట్టూ మూసి ఉండే గాగుల్స్ పెట్టుకోవాలి. పొరపాటున పడితే ఆ క్షణమే కనీసం 15 నిమిషాలు నీళ్లతో కడిగి, ఆసుపత్రికి వెళ్లాలి. నీళ్ల పైపు ఎక్కడుందో ముందే చూసుకోండి.

కోస్తా తీరంలో ఫైబర్ పడవల పని చూసినవాళ్లకు తెలుసు, అక్కడ రెజిన్‌తో పాటు గట్టిపడటాన్ని వేగవంతం చేసే కోబాల్ట్ ద్రావణం, క్యాటలిస్టు విడివిడిగా ఇస్తారు. అమెరికా దుకాణాల్లో దొరికే రెజిన్‌లో సాధారణంగా కోబాల్ట్ ముందే కలిసి ఉంటుంది. విడిగా తెచ్చుకుంటే మాత్రం మొదట కోబాల్ట్‌ను రెజిన్‌లో బాగా కలిపాకే క్యాటలిస్టు వేయాలి. ఈ రెండూ నేరుగా కలిశాయంటే భగ్గుమంటాయి, పేలవచ్చు కూడా. రెండు సీసాలనూ ఒకే అరలో పెట్టకండి, ఒకే కొలత గ్లాసు వాడకండి.

అరగదీసే పని చలికాలంలో చేయవచ్చు, కాకపోతే వాటర్ పేపర్‌తో తడిపి రుద్దండి. పొడిగా గ్రైండర్ పెట్టక తప్పకపోతే మాస్కుకు సన్నటి దుమ్మును ఆపే పీ100 ఫిల్టరు, పక్కనే దుమ్ము లాగే యంత్రం ఉండాలి. ఒళ్లు దురద పెడితే రుద్దకుండా చల్లటి నీళ్లతో కడగండి. ఆ బట్టలు పిల్లల బట్టలతో కలిపి ఉతకవద్దు.

బాడీని ఛాసిస్ మీద పెట్టాక వచ్చే ప్రమాదాలు వేరు. ఫైబర్‌గ్లాస్‌లో కరెంటు పారదు కాబట్టి ఉక్కు కారులో లాగా బాడీ ఎర్త్ దొరకదు. ప్రతి దీపానికీ, మీటరుకూ, పంపుకూ ఛాసిస్ దాకా విడిగా ఎర్త్ తీగ లాగాలి. ఎర్త్ సరిగా లేని చోట తీగ వేడెక్కుతుంది, చుట్టూ ఉన్నది మండే స్వభావం గల బాడీ. పెట్రోలు పోసే మూతి దగ్గర స్థిర విద్యుత్తు నిలవకుండా ఆ లోహపు గొట్టాన్ని కూడా ఛాసిస్‌కు తీగతో కలపండి. సీటు బెల్టు బోల్టులు ఫైబర్ నేలకు బిగిస్తే దెబ్బ తగిలినప్పుడు ఊడి వస్తాయి, ఛాసిస్‌కు వెల్డ్ చేసిన ఉక్కు పట్టీలకే బిగించాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి దూరకండి, స్టాండ్లు పెట్టండి. ఇంజిన్ మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు ఎంత చలి ఉన్నా బండిని గ్యారేజీ బయటికి నెట్టండి. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, అలారం ఇంట్లో పడకగదుల దగ్గరే పెట్టండి.

ఇదే పని హైదరాబాద్‌లోనో విజయవాడలోనో చేద్దామనుకునేవారు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చదివి దిగండి. రిజిస్ట్రేషన్‌లో నమోదైన తయారీదారు వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని అది చెబుతుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే స్పష్టం చేసింది.

అమెరికాలో నేషనల్ స్ట్రీట్ రాడ్ అసోసియేషన్ 23 అంశాల భద్రతా తనిఖీ చేస్తుంది. ఆ జాబితాను పని మొదలుపెట్టిన రోజే గోడకు అంటించుకుని, స్టీరింగ్, బ్రేకులు, పెట్రోలు గొట్టాలు దాని ప్రకారమే బిగించండి. తనిఖీ పూర్తయ్యేదాకా ఇంట్లోవాళ్లను ఆ బండి ఎక్కించుకోకండి.