ఎడారి యాత్రలు చదవడం, 4వ పాఠం: నీళ్ళ లెక్క

పోయినసారి ఇచ్చిన పని చాలామందికి బెడిసికొట్టింది. మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా 1352లో సహారా దాటిన ఘట్టం చదివి, ఆ దారిని కాగితం మీద పెట్టమన్నాను. వచ్చిన కాగితాలు చూస్తే అందరిదీ ఒకటే వరస. ఫోన్‌లో ఉపగ్రహ పటం తెరవడం, మొరాకోలో ఒక చుక్క, మౌరిటేనియాలో ఇంకో చుక్క పెట్టడం, మధ్యన కిలోమీటర్లు రాసెయ్యడం. కింద ఒక ఫిర్యాదు: "దారంతా ఇసుకేనండీ, విసుగొచ్చింది." రాదా మరి? ఇసుకదిబ్బల వర్ణనలు చెబుదామనుకున్న పాఠం పక్కన పెట్టి, ఇవాళ ఈ పటం సంగతే తేలుద్దాం.

బిడారుకు, అంటే ఒంటెలతో కలిసి సాగే వర్తకుల గుంపుకు, కిలోమీటరుతో పనిలేదు. ఈ బావి నుంచి ఆ బావికి ఎన్ని రోజులు, అక్కడి నీళ్ళు నోట పెట్టుకోగలమా, తోలు తిత్తుల్లో ఎంత మిగిలింది, ఇంతే. పైనుంచి చూస్తే ఎడారి అంతా ఒకే రంగు. బావి కనపడదు, కనపడినా నీళ్ళు ఉప్పనో తియ్యనో తెలియదు. చుక్కకూ చుక్కకూ మధ్య గీత గీసిన మరుక్షణం మీకు దారి చివర తెలిసిపోతుంది. నడిచేవాడికి తెలిసేది మాత్రం రాబోయే బావి ఒక్కటే, అదీ ఎండిపోకుండా ఉంటేనే. చివర ముందే చూసేసినవాళ్ళకు విసుగు రావడంలో వింతేముంది? పుస్తకం పూర్తయ్యేదాకా ఫోన్ పక్కగదిలో పెట్టండి. ఊళ్ళు ఎక్కడున్నాయో తెలియకపోతే కొంపలు మునగవు.

నేనైతే పటం గియ్యను. పాత లెక్కల పుస్తకంలో నిలువుగా ఒక గీత, ఎడమవైపు రోజులు, కుడివైపు నీళ్ళు. అదే ఘట్టాన్ని అలా రాస్తే ఏమవుతుందో చూడండి.

మొరాకోలోని సిజిల్మాసా నుంచి ఉప్పు తవ్వే ఊరు తఘాజాకు 25 రోజులు. అక్కడ ఇళ్ళూ మసీదూ ఉప్పుదిమ్మలతో కట్టినవి, పైకప్పు ఒంటెతోలు. నీళ్ళున్నాయి గాని ఉప్పన. తఘాజాలో నీళ్ళే లేవని రాసినవాళ్ళు ఆ పేరా మళ్ళీ చదవండి. ముందున్న 10 రోజుల దారికి తిత్తులు నింపుకునేది అక్కడే, ఆ ఉప్పనీళ్ళతోనే. ఆ 10 రోజుల్లో నీళ్ళు దొరకడం అరుదు. ఆ ఏడు వాళ్ళ అదృష్టం కొద్దీ వానగుంటలు తగిలాయి. రెండు రాతిగుట్టల నడుమ తియ్యటి నీళ్ళు దొరికితే తాగి, బట్టలు కూడా ఉతుక్కున్నారు. మామూలుగా చదివితే ఈ బట్టల మాట కంటికే ఆనదు. కుడివైపు గడి ఖాళీగా ఉన్నప్పుడు చదివితే, తాగే నీళ్ళతో బట్టలుతకడమంటే ఎంత భోగమో తెలుస్తుంది.

తరవాత తాసరహ్లా అనే మజిలీ. మూడు రోజులు మకాం. చిరిగిన తిత్తులు బాగుచేసుకుని, నీళ్ళు నింపి, గాలికి ఆరిపోకుండా పైన గోనె కుడతారు. నాకు ఈ పుస్తకం మొత్తంలో ఇష్టమైన వాక్యం ఈ గోనె కుట్టడం. మీలో ఒక్కరూ దాన్ని రాసుకోలేదు!

అక్కడినుంచి తక్షీఫ్‌ను, అంటే కబురు మోసే కూలిమనిషిని, ఒంటరిగా ముందు పంపుతారు. అతను బిడారు చేరాల్సిన ఊరు వలాతా చేరి ఉత్తరాలిస్తే, ఆ ఊరివాళ్ళు నాలుగు రోజుల దారి ఎదురొచ్చి నీళ్ళు తెస్తారు. అతను దారిలో చనిపోతే ఊరికి కబురు అందదు, బిడారులో చాలామంది పోతారు. ఆ బిడారుకు దారి చూపినవాడికి ఒక కన్ను లేదు, రెండోదానికి జబ్బు. తక్షీఫ్ కూలి నూరు మిస్కాళ్ళ బంగారం. మిస్కాల్ అంటే నాలుగు గ్రాముల పైచిలుకు. ఇది ఎక్కువో తక్కువో ఎలా తెలుస్తుంది? కొన్ని పేజీల ముందే ధర చెప్పాడు: వలాతాలో ఒక ఒంటె మోసే ఉప్పు 8 నుంచి 10 మిస్కాళ్ళు. అంటే పది, పన్నెండు ఒంటెల ఉప్పు ధర ఒక్క మనిషికి ఇచ్చారు. ఇంత లెక్క కట్టాక, ఏడో రాత్రి ఎదురొచ్చినవాళ్ళ మంటలు కనపడ్డాయన్న మాట చదవండి.

ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర చదివినవాళ్ళకు ఇదంతా కొత్తేం కాదు. ఆయనా మజిలీ మజిలీకీ వసతి ఎలా ఉందో రాసుకుంటూ పోయినవాడే.

ఇక అభ్యాసం. ఇంగ్లీషు యాత్రికుడు థెసిజర్ రాసిన అరేబియన్ శాండ్స్ తీసుకోండి. ముందుమాట చదవనక్కర్లేదు. అరేబియాలోని రబ్ అల్ ఖాలీ ఎడారిని ఆయన తన మొదటిసారి దాటిన భాగం మాత్రం చదివి, బావి తరవాత బావి గీతకు కుడివైపు ఎక్కించండి. ఒంటెకు మరో గడి కావాలి: మనిషి తాగలేని ఉప్పనీళ్ళు అది తాగుతుంది, దాని పాలు మనిషి తాగుతాడు. ఎటు పోవాలో ఎవరు చెప్పారో కూడా రాయండి. థెసిజర్ పేరు తక్కువసార్లూ, వెంట ఉన్న ఎడారి తెగలవాళ్ళ పేర్లు ఎక్కువసార్లూ వస్తే సరిగ్గా చదువుతున్నట్టే.

అది అయ్యాక, తక్షీఫ్ తాసరహ్లా నుంచి బయల్దేరే ముందు కట్టుకున్న లెక్కను ఒక పేజీలో రాసి పంపండి. ఇసుక అన్న మాట ఒక్కసారి కూడా రాకూడదు.