ఆంప్లిఫయర్ రిపేరు నేర్చుకుందాం – 6వ పాఠం: పాత 4558 తీసి ఏ ఐసీ పెట్టాలి?

పోయిన పాఠంలో టోన్ కంట్రోల్ బోర్డు మీదున్న ఎనిమిది కాళ్ల ఐసీ దగ్గర మీటరు పెట్టి, 8వ కాలికి ప్లస్ 15, 4వ కాలికి మైనస్ 15 వోల్టులు వస్తున్నాయో లేదో రాసుకోమన్నాను. రెండూ సరిగ్గా వస్తేనే ఈ పాఠంలోకి రండి. సప్లై తేడాగా ఉంటే ఎంత ఖరీదైన ఆప్-ఆంప్ (సిగ్నల్‌ను పెంచే ఈ రకం ఐసీ) పెట్టినా పాట బాగుపడదు.

మన సెట్‌లో ఉన్నది 4558. కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి అది అడిగితే కౌంటర్ దగ్గరున్నాయన, "అన్నా, గదెందుకు, 5532 ఏస్కో, సౌండ్ క్లియర్ వస్తది" అంటాడు. నాకూ అలాగే చెప్పారు. వినాయక చవితి నాలుగు రోజుల్లో ఉంది, మండపం కుర్రాళ్లు గుమ్మంలో నిలబడి ఉన్నారు. టెన్షన్‌లో మరో ఆలోచన లేకుండా వేసేశాను. పాట బాగానే వచ్చింది కానీ, వాల్యూమ్ తిప్పినప్పుడల్లా స్పీకర్లో గరగర. కంట్రోల్ అరిగిందనుకుని కొత్తది వేశాను. అదే గరగర. పాత 4558 మళ్లీ పెడితే పోయింది. 5532 మంచి ఐసీయే. దాన్ని పెట్టిన చోటే తప్పు.

ఆ బోర్డులో 100 కిలో ఓమ్‌ల వాల్యూమ్ కంట్రోల్ నడిమి కాలు, మధ్యలో కెపాసిటర్ లేకుండా, నేరుగా ఐసీ 3వ కాలికి కలిపి ఉంది. 5532 లాంటి బైపోలార్ ఆప్-ఆంప్ (ఇన్‌పుట్‌లో మామూలు ట్రాన్సిస్టర్లు ఉండేది) ఇన్‌పుట్ కాలు ఎప్పుడూ కాస్త డీసీ కరెంటు తీసుకుంటుంది. దాన్నే బయాస్ కరెంటు అంటారు. 5532కి అది మామూలుగా 200 నానో ఆంపియర్లు. కంట్రోల్ సగంలో ఉన్నప్పుడు నడిమి కాలి నుంచి కనిపించే రెసిస్టెన్స్ 25 కిలో ఓమ్‌లు (అటు 50, ఇటు 50, రెండూ ప్యారలల్‌లో). రెండూ గుణిస్తే 5 మిల్లీవోల్టుల డీసీ. కంట్రోల్ తిప్పుతుంటే ఈ డీసీ ఎగుడుదిగుడుగా మారుతుంది, తర్వాతి స్టేజీ దాన్ని పెంచుతుంది, మనకు గరగరలా వినిపిస్తుంది. టీఎల్072 అని ఇదే కాళ్ల వరుస ఉన్న ఇంకో ఆప్-ఆంప్ ఉంది, దాని ఇన్‌పుట్‌లో జేఫెట్‌లు (దాదాపు కరెంటు తీసుకోని ట్రాన్సిస్టర్లు) ఉంటాయి. దాని బయాస్ కరెంటు 65 పికో ఆంపియర్లు, అంటే 5532 తీసుకునేదాంట్లో మూడువేలో వంతు. అదే చోట టీఎల్072 పెట్టాను, గరగర లేదు.

కాబట్టి ఐసీ ఎంచుకునే ముందు ఐసీని చూడకండి. దాని ఇన్‌పుట్ కాలికి ముందు ఎంత రెసిస్టెన్స్ ఉందో చూడండి. నేను మొదట చూసేది అదే.

'సుయ్' మనే శబ్దానికీ ఇదే లెక్క. డేటాషీట్‌లో 5532 నాయిస్ 5 నానోవోల్టులు, టీఎల్072ది 18 (రెండూ ఒక రూట్ హెర్ట్జ్‌కి). ఇక్కడితో ఆగిపోతే 5532 గెలిచినట్టే. కానీ రెసిస్టర్ తనంతట తానే నాయిస్ చేస్తుంది: 1 కిలో ఓమ్‌కి 4 నానోవోల్టులు, 100 కిలో ఓమ్‌లకి 40. దానికి తోడు 5532కి కరెంటు నాయిస్ ఒకటుంది, సుమారు 0.7 పికో ఆంపియర్లు. అది ముందున్న రెసిస్టెన్స్‌తో గుణించుకుని వోల్టేజీ అవుతుంది. వీటిని నేరుగా కూడకూడదు, వర్గాలు కూడి వర్గమూలం తీయాలి. 1 కిలో ఓమ్ దగ్గర మొత్తం 5532కి 6.4, టీఎల్072కి 18.4. 100 కిలో ఓమ్‌ల దగ్గర తారుమారు: 5532కి 81, టీఎల్072కి 44. సరిగ్గా మన వాల్యూమ్ కంట్రోల్ సగం దగ్గర, 25 కిలో ఓమ్‌లకి, రెండూ 27! ఈ లెక్క ఒకసారి కాగితం మీద మీరే వేసి చూడండి, నా మాట నమ్మాల్సిన పని ఉండదు.

అందుకే మైక్ ప్రీఆంప్‌లో, 200 నుంచి 600 ఓమ్‌ల మైక్ కలిపేచోట, 5532. గిటార్ పికప్ లాంటి చోట, పెద్ద రెసిస్టెన్స్ ఉన్నచోట, టీఎల్072. కొంచెం ఖర్చు పెట్టగలిగితే ఓపీఏ2134: జేఫెట్ ఇన్‌పుట్, నాయిస్ 8 మాత్రమే. ఎల్ఎం358 కాళ్ల వరుస కూడా ఇదే కదా అని పెట్టేవాళ్లున్నారు. ఆడియోకి వద్దు, దాని ఔట్‌పుట్ స్టేజీ క్రాసోవర్ డిస్టార్షన్ చేస్తుంది, అంటే సిగ్నల్ ప్లస్ నుంచి మైనస్‌కి మారేచోట వంకర పోతుంది.

స్లూ రేట్ (ఔట్‌పుట్ వోల్టేజీ ఎంత వేగంగా మారగలదో చెప్పే లెక్క) గురించి గంటలు గంటలు వాదిస్తారు. 20 కిలోహెర్ట్జ్ దగ్గర 10 వోల్టుల పీక్ రావాలన్నా మైక్రోసెకనుకు 1.26 వోల్టులు చాలు. 5532కి 9, టీఎల్072కి 13 ఉన్నాయి. వదిలేయండి.

వేగమైన ఐసీతో వచ్చే అసలు తలనొప్పి వేరు. పాత బోర్డులో సప్లై దారులు పొడవుగా ఉంటే అది లోపల ఆసిలేట్ అవుతుంది, అంటే సిగ్నల్ లేకపోయినా తనంతట తానే ఊగుతుంది. మనకేమీ వినిపించదు, ఐసీ మాత్రం మామూలు కంటే ఎక్కువ వేడెక్కుతుంది. బోర్డు కింద వైపు 4, 8 కాళ్ల మధ్య 104 (0.1 మైక్రోఫారాడ్) సెరామిక్ కెపాసిటర్ ఒకటి సోల్డర్ చేయండి, కాళ్లు వీలైనంత పొట్టిగా. ఎలాగూ పాతది పీకుతున్నారు కాబట్టి ఐసీ బేస్ వేసేయండి. ఇంకోటి, 5532కీ 5534కీ పొరపాటు పడకండి. 5534లో ఒక్క ఆప్-ఆంపే ఉంటుంది, కాళ్లు వేరు, గెయిన్ మూడుకి తక్కువైతే అదనంగా కెపాసిటర్ కావాలి.

ఇక నకిలీలు. ఒకసారి 5532 అని ఐదు ఐసీలు తెచ్చాను. అక్షరాలు తెల్లగా, నీటుగా ఉన్నాయి. మూడు వేరేవి. బ్రెడ్‌బోర్డు మీద పది నిమిషాల్లో తేలిపోతుంది. 9 వోల్టుల బ్యాటరీలు రెండు వరసగా కలపండి, కలిసిన చోటు గ్రౌండ్. 8కి ప్లస్, 4కి మైనస్. 2వ కాలిని 1కి, 6వ కాలిని 7కి కలపండి. 5వ కాలు గ్రౌండ్‌కి. 3వ కాలి నుంచి గ్రౌండ్‌కి 1 మెగా ఓమ్ రెసిస్టర్. ఇప్పుడు మీటరు నల్ల తీగ గ్రౌండ్‌కి, ఎర్రది 1వ కాలికి.

5532 అయితే మైనస్ వస్తుంది, సుమారు 200 మిల్లీవోల్టులు, ఐసీని బట్టి కాస్త అటూ ఇటూ. దాని ఇన్‌పుట్‌లో ఎన్‌పీఎన్ ట్రాన్సిస్టర్లు ఉంటాయి, కరెంటు లోపలికి లాక్కుంటాయి. 4558లో పీఎన్‌పీ, అవి కరెంటు బయటికి తోస్తాయి, కాబట్టి ప్లస్ చూపిస్తుంది. నావి మూడూ ప్లస్సే. జేఫెట్ ఐసీ అయితే కొద్ది మిల్లీవోల్టులకు మించదు. టీఎల్072 మీద ఓపీఏ2134 అని అచ్చేసి అమ్మితే ఈ పరీక్షకు దొరకదు. అప్పుడు ప్లస్ బ్యాటరీ తీగలో మీటరును మిల్లీ ఆంపియర్లలో పెట్టి చూడండి. 2134 ఎనిమిది దాకా తాగుతుంది, 072 మామూలుగా మూడు కూడా తాగదు.

ఈ వారం పని: మీ బోర్డులో 3వ కాలి నుంచి వెనక్కి దారి పట్టుకుని వెళ్లి, మధ్యలో కెపాసిటర్ ఉందా, రెసిస్టెన్స్ ఎంత అని బొమ్మ గీయండి. ఏ ఐసీ పెడతారో ఆ బొమ్మ కిందే రాయండి. 7వ పాఠంలో ఆ కెపాసిటర్ లేని బోర్డుకు 1 మైక్రోఫారాడ్ ఫిల్మ్ కెపాసిటర్, 100 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఎక్కడ, ఎలా వేయాలో చూద్దాం.