డ్యూటీ డాక్టర్లు ఇంటికి టైము మిగుల్చుకోవడం ఎలా

రోస్టర్ (డ్యూటీల పట్టిక) చేతికొచ్చిన రోజే ఇంట్లోవాళ్లతో ఓ పావుగంట కూర్చోండి. నైట్ డ్యూటీలు, ఆన్‌కాల్ రోజులు (పిలిస్తే వెళ్లాల్సినవి), నైట్ దిగిన మర్నాడు: మూడింటినీ మూడు రంగుల్లో, ఇద్దరి ఫోన్లలోనూ కనిపించే క్యాలెండర్లో పెట్టండి. చాలామంది మూడోదాన్ని వదిలేస్తారు. నైట్ చేసొచ్చిన రోజును సెలవు కింద లెక్కేసి స్కూలు మీటింగూ, బ్యాంకు పనీ దానిమీదకే నెడతారు. నిద్ర లేని మనిషి చిరాకుకు అక్కడే బీజం పడుతుంది. ఆ పూట నిద్రకే. డ్యూటీ మార్చుకోవాలంటే కూడా ఇప్పుడే అడగండి, ముందురోజు అడిగితే ఒప్పుకునేవాళ్లు దొరకరు.

ఇల్లు చేరడం ఆలస్యమయ్యేది ఎమర్జెన్సీల వల్లే అనుకుంటాం గానీ, చాలా రోజుల్లో అసలు కారణం పేరుకుపోయిన కేస్‌షీట్లు. పేషెంటు గది దాటకముందే నోట్స్ ముగించండి. రేపటి డిశ్చార్జ్ సమ్మరీలు ఇవాళే సగం రాసిపెట్టండి. ఓపీ చివరి అరగంటలో కొత్త అపాయింట్‌మెంట్లు పెట్టించుకోవద్దు, మిగిలిపోయిన రిపోర్టులు చూడటానికి అదే సమయం.

భోజనం మధ్యలో వార్డు నుంచి ఫోనొచ్చిందంటే, చాలాసార్లు హ్యాండోవర్ (తర్వాతి డ్యూటీవాళ్లకు పేషెంట్లను అప్పగించడం) సరిగా జరగనట్టే. ప్రతి పేషెంటుకూ నాలుగు చెప్పాలి: ఎంత సీరియస్, ఇప్పటిదాకా ఏం జరిగింది, ఏం మిగిలింది, పరిస్థితి మారితే ఏం చేయాలి. ‘పొటాషియం చూడు’ అంటే చాలదు. ‘రిపోర్టు 10 గంటలకు వస్తుంది, పొటాషియం 6 దాటితే వెంటనే ఈసీజీ తీయించి ఆన్‌కాల్ కన్సల్టెంట్‌కి చెప్పు’ అనాలి. విన్నవాళ్లతో తిరిగి చెప్పించుకోండి, పొరపాట్లు అక్కడే బయటపడతాయి.

17 గంటలు మెలకువగా ఉన్నవాళ్ల చురుకుదనం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాళ్ల స్థాయికి పడిపోతుంది. కాబట్టి నైట్ దిగాక బండి తీయొద్దు, ఎవరైనా తీసుకెళ్లేలా చూసుకోండి. కుదరకపోతే 20 నిమిషాలు కునుకు తీసి, నిద్రమత్తు పూర్తిగా వదిలాకే బయల్దేరండి. తాగిన కాఫీలో సగం కెఫీన్ దాదాపు 5 గంటల తర్వాత కూడా ఒంట్లోనే ఉంటుంది. ఉదయం 9కి పడుకోవాలంటే రాత్రి 2 తర్వాత కాఫీ ముట్టొద్దు.

ఇద్దరూ డాక్టర్లే అయితే ఒకే రాత్రి ఇద్దరికీ ఆన్‌కాల్ పడనివ్వకండి. తప్పనప్పుడు పిల్లల దగ్గరికి ఎవరొస్తారో, తాళం ఎక్కడుంటుందో ముందే తేల్చుకోండి. ఆన్‌కాల్ రోజున పిల్లలకు ‘తప్పకుండా వస్తా’ అని మాటివ్వొద్దు. ‘రాలేకపోతే 6 లోపు ఫోన్ చేస్తా’ అనండి, చేయండి.